ఫ్రిజ్ పెట్టెలో మా అమ్మ

ఆ రోజుల్లో మా కాలేజీలో ఎవరికి ఏ కష్టం వచ్చినా మేం వెంటనే ఒక యాప్ తయారుచేసేవాళ్ళం. కష్టం కష్టంగానే ఉండేది, పక్కన యాప్ కూడా ఉండేది. క్యాంటీన్ సాంబారు పల్చబడిందని ఒకటి, కాలేజీ బస్సు రాలేదని ఇంకొకటి. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా కొత్త ఐడియా అన్నారంటే నాకు నడుం నొప్పి మొదలవుతుంది గానీ, ఇరవయ్యేళ్ళప్పుడు కళ్ళు మూతలు పడుతున్నా సరే, లోకాన్ని బాగుచేసే బాధ్యత మన నెత్తినే పెట్టారనిపించేది. అలాంటి ఫైనలియర్‌లో, గుంటూరు దగ్గర మా కాలేజీలో హ్యాకథాన్ పెట్టారు. ముప్పై ఆరు గంటల్లో ఏదో ఒకటి కనిపెట్టాలి. మొదటి మూడు జట్లకి మంగళగిరిలో ఒక కంపెనీ నేరుగా ఇంటర్వ్యూ ఇస్తుందన్నారు. నాకు ఐదు సబ్జెక్టులు మిగిలిపోయి ఉన్నాయి (ఐదే అని ఇంట్లో చెప్పిన లెక్క), కాబట్టి క్యాంపస్ ఇంటర్వ్యూల గుమ్మం కూడా తొక్కనివ్వరు. ఉద్యోగానికి నాకున్న దారి అదొక్కటే.

నా ఒక్కడి కోసమే అయితే అంత ఆరాటపడేవాణ్ణి కాదు. అద్దంకి వైపు మా ఊళ్ళో మా అమ్మ మిర్చి కల్లాల్లో తాలు ఏరే పనికి వెళ్ళేది. ఎండిన కాయల రాశి ముందు పొద్దస్తమానం కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఒకవైపుకి, మంచి ఎర్రకాయలు ఒకవైపుకి వేయాలి. సాయంత్రానికి చేతులు భగభగ మండిపోయేవి. మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేది. ఆ చేత్తో నా తల నిమరబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకునేది. ఆ ఏడు క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు, ఆమెతో పనికొచ్చే ఆడవాళ్ళంతా చర్చి బయట నిలబడి వింటుండగా, వచ్చే ఏడు మా అమ్మ కల్లానికి రాదని ప్రకటించేశాను. వాళ్ళు స్తోత్రం చెప్పారు. ఇక నేను వెనక్కి తగ్గడానికి వీల్లేకుండా పోయింది.

అందుకే మా మిషను కూడా తాలు ఏరే మిషనే. మా జట్టు ముగ్గురం. జేబులో ఎప్పుడూ వైరు ముక్కలుండే మిత్రుణ్ణి వైరుగాడు అనేవాళ్ళం. దేన్నైనా నాలుగు స్లైడ్లలో నమ్మించేసే అమ్మాయి పేరు పీపీటీ. నేను కోడు రాస్తాను (రాస్తానని అందరూ అనుకునేవారు). హాస్టల్ వెనక దొరికిన ఫ్రిజ్ అట్టపెట్టెకి వెండిరంగు పూశాం. పైన ఒక చిల్లు, అందులోంచి కాయ వేస్తే లోపల కెమెరా చూసి, కిందున్న రెండు గొట్టాల్లో కుడివైపుకి ఎర్రకాయ, ఎడమవైపుకి తాలు పంపించాలి. అంతకు ముందు నెలంతా మా ఊరి కల్లంలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి వేల ఫొటోలు తీసి దానికి నేర్పించాం. మేం చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ ఎండ పెట్టెలోకి రాదన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. లోపల పెట్టిన బల్బు వెలుతురులో నిగనిగలాడే కాయ కూడా వెలిసిపోయినట్టు కనిపించింది. మొత్తం తాలే అంది మా మిషను. దాని దృష్టిలో జిల్లా మొత్తం మీద మంచి కాయన్నదే లేదు.

జడ్జీలు రావడానికి గంట ఉందనగా అమ్మ వచ్చింది. పరీక్షకి అరబస్తా కలగలుపు కాయ కావాలని ఫోన్లో చెబితే, బస్సులో వేసి పంపించకుండా తనే మోసుకొచ్చింది. మా ముఖాలు చూసి, తిన్నారా అని అడిగింది. మేం ఏడవలేక నవ్వాం. బస్తా మూతి విప్పేసరికి హాలంతా తుమ్ములు. పక్క బల్ల మీద ముఖం చూసి హాజరు వేసే ప్రాజెక్టు ఉంది. తుమ్మేవాడి ముఖం దానికి అర్థం కాదట, ఎదురుగా నిలబడ్డ లెక్చరర్లందరికీ వరసగా గైర్హాజరు వేసి పారేసింది. ఆ ప్రాజెక్టు కుర్రాళ్ళు మమ్మల్ని కొట్టడానికి వచ్చారు గానీ, దగ్గరికొచ్చి వాళ్ళూ తుమ్మి వెళ్ళిపోయారు. ఆ హాల్లో తుమ్మని మనిషి మా అమ్మ ఒక్కతే.

వైరుగాడు అమ్మ వంక చూశాడు. తర్వాత పెట్టె వంక చూశాడు. నాకు విషయం అర్థమై, ఒరేయ్ వద్దురా అన్నాను. అంతకన్నా గట్టిగా అనలేదు, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అబద్ధం ఆడాల్సొస్తుందా అని అమ్మ అడిగింది. అబద్ధమేం కాదమ్మా, మిషను పని నేర్చుకునేదాకా నువ్వు లోపల కూర్చోవాలి, అంతే అన్నాను. సరే అని చెంగు నడుముకి దోపుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, పెట్టె వెనక కోసిపెట్టిన తలుపులోంచి లోపలికి వెళ్ళి చక్కగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

జడ్జీల్లో ఇద్దరు కుర్రాళ్ళు, ఒక తెల్లచొక్కా పెద్దాయన. కాయలు వేస్తుంటే కుడివైపు ఎర్రకాయ, ఎడమవైపు తాలు, ఒక్కటి కూడా తప్పు పోలేదు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. పీపీటీ నాలుగో స్లైడులో దేశ వ్యవసాయాన్ని గట్టెక్కించేసింది. మంగళగిరి ఆఫీసులో ఏసీ చల్లదనం నా మెడకి తగిలింది కూడా. పెద్దాయన మాత్రం బస్తాలో చెయ్యి పెట్టి, చాలాసేపు వెతికి, కళ్ళకద్దుకోవాలనిపించేంత ఎర్రటి కాయ ఒకటి తీసి వేశాడు. అది ఎడమవైపున పడింది. ఆయన వంగి దాన్ని తీసి మధ్యకి విరిచాడు. లోపలంతా బూజు.

"కెమెరా పైతోలే గదమ్మా చూసేది, లోపల బూజు దానికెట్టా తెలిసింది?" అని పీపీటీని అడిగాడు. డీప్ లెర్నింగ్ సార్ అంది ఆ మహాతల్లి, రెప్ప కూడా వేయకుండా. ఆయన తల ఊపి, నెమ్మదిగా పెట్టె వెనక్కి నడిచి తలుపు తీశాడు. మా మిషను చెమటతో తడిసి ముద్దై, ఒళ్ళో కాయలు పట్టుకుని, "నమస్కారమండీ" అంది.

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. అమ్మకి చెయ్యందించి లేపి, తన కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళు తాగాక, బూజు సంగతి ఎట్టా తెలిసిందని అడిగాడు. అమ్మ ఒక కాయ తీసి ఆయన చెవి దగ్గర ఆడించింది. "బాగా ఎండిన కాయలో గింజ కదులుద్దండి. బూజు పడితే అంటుకుపోద్ది, చప్పుడు రాదు. చీకట్లో కూడా తెలుస్తది." ఆయన అది పుస్తకంలో రాసుకున్నాడు. ఇంకా చాలా అడిగాడు, అన్నీ రాసుకున్నాడు. చివరికి మా వైపు తిరిగి, "మీరెప్పుడన్నా ఈమెనడిగారా?" అన్నాడు. వేల ఫొటోలు తీశాను. మా అమ్మ పక్కనే కూర్చుని ఉండగా, ఆమె నీడ ఫ్రేములో పడుతోందని జరగమన్నాను కూడా. ఒక్క మాట అడగలేదు.

మమ్మల్ని పోటీలోంచి తీసేశారు. ఘాటు తగ్గాక ముఖాల మిషను అందరినీ గుర్తుపట్టింది, మొదటి బహుమతి దానికే వచ్చింది. మా అమ్మ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇంటర్వ్యూ పోయింది, చర్చి ముందు ఇచ్చిన మాటా పోయింది. అమ్మని ఒంటరిగా పంపించడానికి మనసొప్పక నేను కూడా ఊరి బస్సెక్కాను. క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటుంటే తనే మొదలుపెట్టింది.

"మిషను బాగుందిరా. ఎండ లేదు, దుమ్ము లేదు. కాకపోతే గాలి ఆడట్లేదు. ఇంకాస్త పెద్దది చెయ్యి, మా ఆడోళ్ళు నలుగురం పట్టేటట్టు."

అమ్మా, మిషనంటే అందులో నువ్వు ఉండకూడదమ్మా, నువ్వు లేకుండా అదే ఏరాలి అన్నాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డు పక్కన పొలాల్లో కల్లాలు ఎర్రగా పరిచి ఉన్నాయి.

"మరి నేనెక్కడుండాలిరా?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

మూడు రోజులుగా సరిగా నిద్రపోనివాణ్ణి, ఆలోచిస్తూనే ఆమె భుజం మీద వాలి నిద్రపోయాను. అద్దంకి దాకా నన్ను లేపలేదట. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి నేను చాలా జవాబులు తయారుచేసుకున్నాను. ఒక్కటీ మా అమ్మకి చెప్పేంత బాగాలేదు. ఆ నిద్రపోయిన కుర్రాడే నయమేమో అనిపిస్తుంది, వాడు కనీసం తెలిసినట్టు మాట్లాడలేదు.