షెన్ మాస్టారి పావు కప్పు టీ

షెన్ మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరైనా నీళ్లు ఒలకబోస్తే ఓర్చుకోలేరు. చెయ్యి తెగి రక్తం కారుస్తూ వచ్చినవాడికి నింపాదిగా కుర్చీ వేస్తారు. కారుతున్న గ్లాసు పట్టుకుని వచ్చినవాణ్ణి చూస్తే మాత్రం ఆయన గుండె పట్టుకుంటారు.

వాళ్ల దేశంలో టీ పోయడానికి ఒక మర్యాద ఉంది. కప్పు ముప్పాతిక వరకే నిండాలి. అంచుదాకా నింపితే "ఇక దయచేయండి" అని అతిథికి గుమ్మం చూపించినట్టు. మాస్టారు ఈ మర్యాదను గట్టిగా పట్టుకుని ఇంకా కిందికి దిగారు. ఆయన గదిలో ఎంతటివాడికైనా పావు కప్పే.

"ఇది టీనా, మందు డోసా?" అని అడిగాడు ఒకసారి షాంఘై నుంచి వచ్చిన పెద్ద అధికారి.

"నిండా పోస్తే పొమ్మన్నట్టు కదండీ!"

"మరి పావు పోస్తే?"

"కలకాలం ఉండమన్నట్టు."

అధికారి గొంతెండి ఆ మధ్యాహ్నం బండికే వెళ్లిపోయాడు.

మొహం కడిగిన నీళ్లు కాళ్లకు, కాళ్లు కడిగిన నీళ్లు కిటికీ కింద ఉల్లికాడలకు. చెప్పులు కడగడమనే దుబారా ఆయన ఎరగరు. బురదైతే ఎండలో పెట్టి, ఎండాక రెండు చెప్పులనూ ఒకదానికొకటి వేసి చప్పట్లు కొట్టించేవారు. ఖర్బూజా పండు జన్మలో ముట్టలేదు. "అది పండా? తొక్కున్న చెంబు!" అనేవారు.

ఇదంతా భరించేది ఆయన దగ్గర పనిచేసే లిపింగ్. షాంఘైలో చలికి పొలాలు ముడుచుకునే వేళ ఈ ఇద్దరూ వడ్ల సంచులతో హైనాన్ దీవికి దిగిపోతారు. అక్కడ చలి ఉండదు గనక ఏడాదిలో ఇంకో పంట చూసుకోవచ్చు. మాస్టారు తయారు చేస్తున్నది తక్కువ నీళ్లతో బతికే వరి, తెగులుకు లొంగని వరి. అందుకని ఒక మడికి నీళ్లు మాన్పించి ఎండబెట్టేవారు. దూరంగా ఉన్న ఇంకో మడికి అగ్గితెగులును వెతికి తెచ్చి మరీ అంటించేవారు. రెండు చోట్లా బతికి బట్టకట్టిన రకానికే ఆయన దగ్గర అల్లుడి మర్యాద.

పక్క పొలం ఫు వదినకు ఈ వ్యవసాయం ఎంతకీ మింగుడుపడలేదు. ఆమె ప్లాస్టిక్ పందిళ్ల కింద ఖర్బూజాలు పండించేది. పక్షికి కాలు విరిగినా కట్టు కట్టే మనిషి.

"నీళ్లడిగితే పొయ్యరు. రోగం మాత్రం అడక్కుండానే పెడతారు. మీ పెళ్లాం బిడ్డలు షాంఘైలో ఉండబట్టి బతికిపోయారు మాస్టారూ!"

"బతికేది ఏదో తెలియాలంటే చచ్చేవి చావాలి వదినా."

"మీ నోట ఒక్క మంచిమాట రాదు గదా!"

కిందటేడు సరిగ్గా కంకి బయటపడే వేళకు ఘోరం జరిగింది. తెల్లవారి చూస్తే ఎండాల్సిన మడి నిండా నీళ్లు, తూము బార్లా తెరిచి ఉంది. ఆ అదనులో దాహం చూపించకపోతే ఏ మొక్క ఓర్చిందో, ఏది ఓర్చలేదో తేలదు. ఏడాది పని నీళ్లపాలైంది. మాస్టారు గట్టున కూలబడి చాలాసేపు ఆ నీళ్లను చూశారు. తర్వాత పైవాళ్లకు ఫోన్ చేసి, "రాత్రి తూము మూయడం నేనే మర్చిపోయాను" అన్నారు.

లిపింగ్‌కు ఒళ్లు మండిపోయింది. "మీరా? తూమా? పిల్లి పాలగిన్నె మర్చిపోయిందంటే నమ్ముతాను గానీ ఇది నమ్మను!"

"వయసు అమ్మాయ్, వయసు."

పైవాళ్లు ఒక్క చలికాలం గడువిచ్చారు. ఈసారీ పరీక్ష చెడితే ఆ వడ్లు మళ్లీ బయటికి రాకుండా శీతలగిడ్డంగికి, ఆ మడి ఇంకొకరికి. మాస్టారి సగం జీవితం ఆ వడ్లలోనే ఉంది. లిపింగ్ తూముకు తాళం వేసి, తాళంచెవి మెడలో కట్టుకుని తిరిగింది. ఆయన మీద ఆమెకు నమ్మకం పోయింది, కోపం మాత్రం పోలేదు.

ఈ ఏడు కంకులు మొదలయ్యాయి. దాహానికి ఆకులు సన్నగా చుట్టుకుపోయాయి. పదిహేడో వరుస ఒక్కటే ఆకు విప్పుకుని పచ్చగా నిలబడింది. మాస్టారు దాని దగ్గర గుసగుసలాడేవారు. దాని దగ్గర దగ్గాలన్నా లిపింగ్‌కు భయంగా ఉండేది.

అప్పుడు కొండ మీదికి మబ్బెక్కింది.

"ఈ నెలలో ఇక్కడ వాన పడదు," అన్నారు మాస్టారు మొదట.

కాసేపటికి, "పడితే పడమటి పక్క పడుతుంది," అన్నారు.

ఇంకాసేపటికి ఆయనే లేచి వెదురు కర్రలు ఏరసాగారు. లిపింగ్ ఆయన మొహం చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వానకు అడ్డుగా పందిరి కట్టించమని సీజను మొదట్లోనే ఆమె పైవాళ్లను అడిగింది. వానాకాలం కాదుగా, దండగ అన్నారు వాళ్లు. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక్క టార్పాలిన్ పట్టా. అది మడిలో సగానికి సరిపోతుంది. దాన్నైనా పైరు మీద పరిస్తే కంకులు విరుగుతాయి, వెదురు కర్రలతో పైకెత్తి పట్టుకోవాలి. పట్టుకోవడానికి ఉన్నది ఇద్దరు. గోరుచుట్టు మీద రోకటిపోటులా గాలి కూడా లేచింది.

మాస్టారు గదిలోకి పరుగెత్తి దుప్పటి తెచ్చారు. రెయిన్‌కోటు విప్పి, రెంటినీ కలిపి పదిహేడో వరుస మీద గుడారంలా పట్టారు. మొదటి చినుకులు ఆయన బట్టతల మీదే పడ్డాయి.

"మాస్టారూ, మీరు తడిసిపోతున్నారు!"

"తడిస్తే ఏం? నేను కంకి మీద లేనుగా!"

"మిగతా వరుసల సంగతేంటి? అవి తడిస్తే దీన్ని దేనితో పోలుస్తారు?"

పట్టా ఒక చివర గాలికి లేచిపోయింది. దాని వెనక పరుగెడుతూ లిపింగ్ ఏడ్చేసింది.

సరిగ్గా అప్పుడు గట్టు మీద ఒక పెద్ద తెల్లటి మూట నడిచొచ్చింది. మూట కింద ఫు వదిన కాళ్లు కనిపించాయి. ఆమె వెనక ఆమె మొగుడు, అతని వెనక ఇరుగుపొరుగు నలుగురు, అందరి భుజాల మీదా వెదురు కర్రలు, చుట్టిన ప్లాస్టిక్.

"నీ పందిళ్లు పీకేశావా?" మాస్టారు గావుకేక పెట్టారు. "కాయ పక్వానికొచ్చింది గదా! వాన తగిలితే పగిలిపోతుంది. తీసుకుపో వదినా, తీసుకుపో!"

"నోరు మూసుకుని ఆ చివర పట్టుకోండి."

వాన దబదబా దిగింది. అందరూ కర్రలెత్తి ప్లాస్టిక్‌ను ఆకాశానికి అడ్డం పట్టారు. గాలి లాగితే అందరూ ఒక పక్కకు ఊగారు, మళ్లీ నిలదొక్కుకున్నారు. ప్లాస్టిక్ మధ్యలో నీళ్లు గుంట కట్టినప్పుడల్లా లిపింగ్ కేకపెట్టింది. మాస్టారు తలతో పొడిచి ఆ నీళ్లను కాలువలోకి దొర్లించారు. చేతులు తిమ్మిరెక్కి, ఇక పడిపోతాం అనుకునేవేళకు వాన వెలిసింది. లిపింగ్ మోకాళ్ల మీద కూర్చుని పదిహేడో వరుస మొదట్లో వేలు గుచ్చి చూసింది. పొడి దుమ్ము. పక్క వరుసలోనూ పొడి దుమ్మే.

"పిన్నీ, మీ పంట పాడుచేసుకుని మాకోసం ఎందుకొచ్చారు?" అని అడిగింది లిపింగ్.

ఫు వదిన మాస్టారి వైపు చూసింది. "ఈ పిల్లకు ఇంకా చెప్పలేదా మీరు?"

మాస్టారు ఉల్లికాడల వైపు చూశారు.

"కిందటేడు తూము తీసింది నేనే పిల్లా. పైరెండిపోతుంటే నా ప్రాణం ఒప్పలేదు. ఒక్క రాత్రి నీళ్లిస్తే ఈయన ఏడాది పని పోతుందని నాకేం తెలుసు? చీకట్లో ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది. పొద్దున్నే ఈయన మా గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకేముంది, పైవాళ్లకు చెబుతాడు, నష్టం మా నెత్తిన పడుతుంది అనుకున్నా. ఆ చెప్పు నా చేతిలో పెట్టి, 'బురద జాగ్రత్త వదినా' అని వెళ్లిపోయాడు." ఆమె గొంతు తగ్గించింది. "కడిగి తెచ్చాడే పిల్లా! చెప్పును! నీళ్లతో!"

"మంచినీళ్లతోనా?" లిపింగ్ నమ్మలేకపోయింది.

"తళతళా మెరిసిపోయింది."

"బురద గట్టిగా పట్టింది," అని గొణిగారు మాస్టారు, దొంగతనం బయటపడినట్టు.

లిపింగ్ మెడలోంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. ఏడాదిగా దాచుకున్న కోపం అంతా ఒక్కసారిగా సిగ్గయి కూర్చుంది.

సాయంత్రం అందరూ ఆయన గదిలో చేరారు. పగిలిన ఖర్బూజాలు బుట్టెడు తెచ్చింది ఫు వదిన. మాస్టారు ఒక ముక్క తీసుకుని కళ్లు మూసుకుని తిన్నారు. రసం మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత కెటిల్ ఎత్తి ఫు వదిన కప్పులో టీ పోశారు. పావు నిండింది, సగమైంది, ముప్పాతిక దాటింది. టీ అంచుదాకా వచ్చి, సాసర్లోకి పొర్లింది.

"ఏంటి మాస్టారూ, పంట పోగొట్టుకుని వస్తే పొమ్మంటున్నారా?"

మాస్టారు కంగారుపడిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. "అది కాదు వదినా, అది కాదు! ఇవి వాన నీళ్లు. మీ ప్లాస్టిక్ మీంచి బకెట్‌లో పట్టుకున్నా. నా చేత్తో ఒకరికైనా నిండా పోద్దామని..."

ఆమె కప్పు రెండు చేతులా ఎత్తి, చుక్క మిగల్చకుండా తాగేసి, మళ్లీ ఆయన ముందు పెట్టింది.

"ఈసారి పావే పొయ్యండి. నేను ఇంకాసేపు కూర్చుంటా."