తమ్ముడి కాగితాలు, ఆఫీసరమ్మ కుర్చీ

ఆమెను వీధిలో అందరూ సీట్లమ్మాయి అంటారు. బస్సులకూ కార్లకూ సీట్లు కుట్టే షెడ్డులో పని. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా, ఏడాది తేడాలో అమ్మా నాన్నా పోతే, పుస్తకాల సంచి మూలన పెట్టి దబ్బనం పట్టుకుంది. ఇప్పుడు ఇరవై రెండేళ్లు. నోట్లో మాట ఉందో లేదో ఎవరికీ తెలీదు గాని, కంట్లో మాత్రం కొలబద్ద ఉంది. మనిషి కూర్చున్న తీరు చూసి, కింద స్పాంజి ఏ పక్క కుంగిందో, పైన నడుము ఏ పక్క లాగుతోందో చెప్పగలదు. చెప్పదు, అంతే.

"దీనిచేత మాట్లాడించడం కంటే బస్సుచేత మాట్లాడించడం తేలిక. అదైనా హారన్ కొడుతుంది" అంటాడు షెడ్డు మేస్త్రి.

ఆమెకు రావలసిన మాటలు కూడా కలుపుకుని తమ్ముడు పుట్టాడు. వాడికి పద్నాలుగేళ్లు. పక్క రాష్ట్రంలో బాబాయి దగ్గర పెరుగుతున్నాడు. నిరుడు రోడ్డు పనివాళ్లు టీకి వెళ్లిన సందు చూసి, వాడు రోడ్డు రోలరు ఎక్కాడు. ఎక్కి ఊరుకోక నడిపాడు కూడా. రోలరు పారిపోయే బండి కాదు. ఇద్దరు పోలీసులు దాని పక్కనే నడుస్తూ, "దిగరా బాబూ, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలుతుంటే, వీడు "ఆపడం నాకు తెలీదండీ, మీకు తెలుసా?" అని అడుగుతూ పావు మైలు వెళ్లాడు. దారిలో బడి కంచె, కంచెకి ఆనించిన హెడ్మాస్టరుగారి సైకిలు చాపలా పరుచుకున్నాయి.

బాలల కోర్టు వాడికి రెండేళ్ల ప్రొబేషన్ వేసింది. వారం వారం ఆఫీసరుకి కనబడాలి. బడి మానకూడదు. అనుమతి లేకుండా రాష్ట్రం దాటకూడదు.

ఆ చివరి మాట దగ్గరే చిక్కొచ్చి పడింది. నెల మొదట్లో బాబాయి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నాకు ఓడలో వంటవాడి ఉద్యోగం వచ్చింది. ముప్పయ్యో తారీకున ఓడెక్కాలి. వీణ్ణి నువ్వు తీసుకుంటావా? లేకపోతే పద్దెనిమిదేళ్లు నిండేదాకా హోములో పెడతారట."

"తీసుకుంటా బాబాయ్."

"నాతోపాటే ఎక్కిద్దామనుకున్నా గాని, ఓడకీ స్టీరింగు ఉంటుందిగా, భయమేసింది."

వెనక నుంచి తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, అది గంటకి మూడు మైళ్లు పోయే బండి! పారిపోవాలనుకుంటే దిగి నడిచేవాణ్ణిగా!"

తీసుకుంటానంటే అయిపోలేదు. అక్కడి ప్రొబేషన్ ఆఫీసు, "ముందు మీ రాష్ట్రంలో ఆఫీసరు ఇల్లు చూసి ఒప్పుకోవాలి, అప్పుడే పంపుతాం" అంది. ఇక్కడి ఆఫీసు, "ముందు వాళ్ల దగ్గర్నుంచి ఫైలు రావాలి, అప్పుడే చూస్తాం" అంది. చెట్టు ముందా విత్తు ముందా అని రెండు రాష్ట్రాలూ ఆడుకుంటుంటే పదిహేను రోజులు ఎగిరిపోయాయి. సీట్లమ్మాయి రోజూ పనికి వెళ్లేముందు మూడో అంతస్తెక్కి, ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చుని, ఏమీ అడక్కుండా గుమాస్తా మొహంలోకి చూసి, లేచి వెళ్లిపోయేది. పదహారో రోజున గుమాస్తాయే తట్టుకోలేకపోయాడు. "అమ్మా, నువ్వు రెండు తిట్లు తిట్టినా బాగుండును" అని, తనే అక్కడికి ఫోన్ చేసి, పోట్లాడి ఫైలు తెప్పించాడు.

ఫైలు ఆఫీసరమ్మ చేతికి వెళ్లింది. ఆవిడ నిక్కచ్చి మనిషి. తనిఖీకి వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు కూడా తాగదని పేరు. సీట్లమ్మాయి గదికొచ్చి కిటికీ చూసింది, తలుపు గడియ లాగి చూసింది, బడిలో సీటిస్తామన్న కాగితం రెండుసార్లు చదివింది. తెర కట్టి తమ్ముడికని విడిగా వేసిన మంచం దగ్గర ఆగి, పరుపును రెండు చేతులతో నొక్కింది.

"ఎక్కడ కొన్నావు?"

సీట్లమ్మాయి వేలితో తనని తానే చూపించుకుంది.

"సరే. సోమవారం ఆఫీసుకి రా. రిపోర్టు రాసి సంతకం తీసుకుంటా."

సోమవారమంటే ఇరవై నాలుగు. ఆమె వెళ్లేసరికి ఆఫీసరమ్మకు కోర్టు నుంచి పిలుపొచ్చింది. "గంటలో వస్తా, కూర్చో" అని వెళ్లింది. గదిలో ఆవిడ కుర్చీ, ఈ పిల్లా ఎదురెదురుగా మిగిలారు.

కుర్చీకి ఎడమపక్క గుంట. గుంటలోంచి స్ప్రింగు దొంగలా తొంగిచూస్తోంది. ఆఫీసరమ్మ లేచినప్పుడల్లా చెయ్యి నడుమ్మీదికి పోవడం సీట్లమ్మాయి ఇన్నాళ్లుగా చూస్తూనే ఉంది. కళ్లు తిప్పుకుని గోడ చూసింది. కిటికీ చూసింది. మళ్లీ కుర్చీ చూసింది. ఆమె సంచిలో దబ్బనం, దారం, స్పాంజి ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. మరుక్షణం కుర్చీ బోర్లాపడింది.

ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. ఫైళ్లు పెట్టడానికొచ్చిన గుమాస్తా ఊరికే ఆ కుర్చీలో కూర్చుని చూశాడు. చాలాసేపు లేవలేదు. లేచాక వెళ్లి తన కుర్చీ మోసుకొచ్చాడు. అతని వెనక టైపిస్టు. టైపిస్టు వెనక బంట్రోతు, స్టూలుతో.

"నాది కొంచెం మెత్తగా చెయ్యి తల్లీ. నేను కూర్చునేదే తక్కువ" అన్నాడు బంట్రోతు.

"వద్దమ్మా. వీణ్ణి మెత్తగా కూర్చోబెడితే ఇక లేవడు" అన్నాడు గుమాస్తా.

ఆఫీసరమ్మ తిరిగొచ్చేసరికి గది నిండా కుర్చీలు కాళ్లు పైకెత్తుకుని పడి ఉన్నాయి.

"ఇది ఆఫీసా, షెడ్డా?"

ఆవిడ నేరుగా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. మొహం ఒక్క క్షణం వెన్నలా కరిగింది. మరుక్షణం గడ్డకట్టింది.

"నీ ఫైలు నా చేతిలో ఉంది. నువ్వు నా కుర్చీ కుట్టావు. దీన్ని ఏమంటారో తెలుసా? లంచం అంటారు."

"స్పాంజి ముక్కే కద మేడమ్..." అన్నాడు గుమాస్తా.

"మీ కుర్చీ సంగతి తర్వాత మాట్లాడతా."

గుమాస్తా ఆ కుర్చీ వెనక్కే నక్కాడు.

"నీ దగ్గర మేలు పొంది నేను రిపోర్టు రాస్తే చెల్లదు. ఇంకో ఆఫీసరుకి పంపాలి. ఆయన సెలవులో ఉన్నాడు. వచ్చే నెల పదో తారీకుకి వస్తాడు."

పదో తారీకుకి బాబాయి నడిసముద్రంలో ఉంటాడు. తమ్ముడు హోములో ఉంటాడు. సీట్లమ్మాయి సంచిలోంచి మళ్లీ దబ్బనం తీసింది.

"విప్పేస్తానమ్మా."

"ఏంటి?"

"కుట్టింది విప్పేస్తా. ఎలా ఉండేదో అలాగే చేసేస్తా. అప్పుడు మీరు నా దగ్గర ఏమీ తీసుకోనట్టే గదా."

"ఎలా ఉండేదో నీకు గుర్తుందా?"

"ఎడమపక్క రెండు వేళ్ల గుంట. స్ప్రింగు మూడో చుట్టు బైటికొచ్చి ఉంది, కొస కుడివైపుకి వంగింది. వెనకాల చిరుగు జానెడు. మీరు కూర్చుంటే నాకు నడుము లాగేదమ్మా. కుడుతున్నంతసేపూ ఫైలు సంగతే మర్చిపోయా. మా వాణ్ణి ఆపకండి."

అన్ని మాటలు ఆ నోటి నుంచి ఒక్కసారే వినేసరికి గుమాస్తా కుర్చీ వెనక నుంచి లేచి నిలబడ్డాడు. ఆఫీసరమ్మ కూడా లేచింది. నిజానికి లేవబుద్ధి కాలేదు గాని లేచింది. కుర్చీని ముందుకు తోసింది.

"విప్పు. అందరివీ."

బంట్రోతు స్టూలును చంటిబిడ్డలా ఎత్తుకున్నాడు. "మేడమ్, నేను ఫైళ్లు రాయను, మోస్తానంతే!"

"మోసేవాడూ ప్రభుత్వమే. దింపు."

బాగుచేయడానికి పట్టినదానికి రెట్టింపు పట్టింది పాడుచేయడానికి. ఆమె గుంట లోతు వేళ్లతో కొలిచింది. స్ప్రింగును ఇదివరకటి వంకరకే వంచింది. చిరుగు జానెడు దగ్గర ఆపింది, వెంట్రుకవాసి ఎక్కువ కానివ్వలేదు. ఆఫీసరమ్మ కూర్చుని మొహం చిట్లించింది.

"ఆఁ, ఇదే" అని కలం తీసింది. రాస్తూ రాస్తూ తలెత్తింది. "ఒకడేమో కనిపించినదల్లా నడుపుతాడు. ఇంకొకతె కనిపించినదల్లా కుడుతుంది. మీ ఇంట్లో చేతులు ఊరికే పెట్టుకునేవాళ్లు ఎవరూ లేరా?"

"బాబాయి వండుతాడమ్మా" అంది సీట్లమ్మాయి.

ఆవిడ గభాలున ఫైల్లోకి తల దించింది. నవ్విందని బంట్రోతు, తుమ్మిందని గుమాస్తా ఇప్పటికీ వాదించుకుంటారు.

రిపోర్టు ఆ సాయంత్రమే వెళ్లింది. కుట్టిన సంగతీ, విప్పించిన సంగతీ రెండూ రాసి, కింద "అక్కకు అప్పగించవచ్చు" అని ఉంది. ఇరవై ఏడున కోర్టు ఉత్తర్వు వచ్చింది. సంరక్షణ అక్కకు, మిగిలిన ప్రొబేషన్ ఈ ఆఫీసుకు. ఇరవై తొమ్మిదిన బాబాయి తమ్ముణ్ణి రైల్లో తీసుకొచ్చి మూడో అంతస్తులో అప్పగించి, వాడి తల ఒకసారి గట్టిగా నిమిరి, తిరుగు రైలుకి పరుగెత్తాడు.

వాడు అక్క కంటే బెత్తెడు పొడుగయ్యాడు. ఆఫీసరమ్మ షరతులు చదివింది.

"మోటారు ఉన్న దేన్నీ నడపకూడదు."

"సైకిలు?"

"తొక్కు."

"మరి లిఫ్టండీ? దానికి మోటారు ఉంది. బటన్ నొక్కి నడిపేది నేనేగా?"

ఆఫీసరమ్మ నిక్కచ్చి మనిషి కదా, కలం ఆపి నిజంగానే ఆలోచనలో పడింది. షరతుల పుస్తకం కోసం చెయ్యి చాచింది. అంతలో సీట్లమ్మాయి వాడి ట్రంకుపెట్టె ఎత్తి వాడి నెత్తినే పెట్టింది.

"మెట్లు దిగు" అంది.

"మూడంతస్తులూనా?"

"మూడూ."

వాడు దిగుతూ గొణుగుతూనే ఉన్నాడు. ఆమె వెనకే దిగుతూ, వాడికి చొక్కాలు ఎన్ని అంగుళాలు పెద్దవి కావాలో భుజాలు చూసి కొలుచుకుంటోంది.