తెనాలి స్టేషన్లో విన్న పచ్చడి

గోంగూర పచ్చడి పెట్టడం మా అమ్మ నాకు ఎన్నిసార్లు నేర్పిందో. తలకెక్కలేదు. నాకొచ్చిందల్లా తెనాలి స్టేషన్లో ఎవరో ముసలావిడ తన కోడలికి చెబుతుంటే విన్నదే.

ఎనభైల్లో మాట. నేను బాపట్లలో టీచర్ ట్రైనింగ్ చేస్తున్నాను. మాది అంగలకుదురు, వ్యవసాయం. నాతో చదివే చేబ్రోలు అబ్బాయిది లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఇళ్లల్లో ఒప్పుకోరని తెలిసి, తెనాలి రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకుందామనుకున్నాం. ఆ సంగతి ఒక్క మనిషికే చెప్పాను, హాస్టల్లో నా గదిలో ఉండే రేపల్లె అమ్మాయికి. ఒకే కంచంలో తిన్నవాళ్లం. సెలవులకి ఇంటికెళ్తూ, సాక్షి సంతకం పెట్టడానికి తనే వస్తానంది.

అనుకున్న రోజు పొద్దున తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం బెంచీ మీద కూచున్నాను. పక్కన ముసలావిడ, "ఆకు కడిగాక చెమ్మ లేకుండా ఆరబెట్టాలమ్మా" అంటోంది. బండి ఆగింది. నా స్నేహితురాలు దిగింది. నవ్వుతూ లేచాను. ఆమె వెనకే, రేపల్లెలో ఎరువుల కొట్టు నడిపే మా అన్నయ్య దిగాడు.

"నీ మంచికేనే" అంది తను, నా మొహం చూడకుండా.

"మెంతులు మాడనివ్వకు. తాలింపు చల్లారాకే కలుపు" అంటోంది ముసలావిడ.

అన్నయ్య నా చెయ్యి వదలకుండా ఇంటిదాకా తిడుతూనే ఉన్నాడు. అందులో ఒక్క మాటా గుర్తులేదు. మెంతుల మాట మాత్రం ఆ గొంతుతో సహా ఉండిపోయింది. ఆ అబ్బాయి సాయంత్రం దాకా ఆఫీసు మెట్ల మీదే కూచున్నాడని తర్వాత తెలిసింది. నా చదువు మాన్పించారు. ఏడాది తిరక్కుండా వేరే పెళ్లి చేశారు.

తొంభైల్లో ఒకసారి బాపట్ల బస్టాండులో ఆ రేపల్లె స్నేహితురాలు ఎదురైంది. "ఎన్నాళ్లకే!" అని గట్టిగా వాటేసుకుంది.

ఆగలేక అడిగేశాను. "ఆ రోజు మా అన్నయ్యకి ఎందుకు చెప్పావే?"

"ఏ రోజు?"

చెప్పాను. నుదురు చిట్లించి చాలాసేపు ఆలోచించింది. "నేనా? అబ్బే, మీ అన్నయ్యకి ఎలాగో తెలిసిందన్నారు కదే!"

ఆ మొహంలో కపటం లేదు. నిజంగానే మర్చిపోయింది. అబద్ధమాడినా ఇంత బాధపడేదాన్ని కాదు.

"ఆదివారం భోజనానికి రా, పిల్లల్ని కూడా తీసుకురా" అంటూ ఇల్లెక్కడో చెప్పింది.

"వస్తాలే" అన్నాను. వెళ్లలేదు.