కొంచెం వేరేగా ఉందన్న మారెన్

ఉత్తర మిన్నెసోటా వాళ్లకి నొప్పి తెలీదని కాదు, చెప్పుకోవడం నామోషీ. స్కూలు బస్సు నడిపే మారెన్ అందులో మరీ ఘనురాలు. ఓసారి బస్సు తలుపులో వేళ్లు నలిగితే, పిల్లలందర్నీ ఇళ్ల దగ్గర దింపేశాకే కట్టు కట్టించుకుంది. ఎలా ఉందంటే "పర్లేదు" అంది.

అలాంటి మనిషికి నెలలు నిండినా నొప్పులు రాలేదు. ఆసుపత్రిలో సెలైన్లో మందు కలిపి తెప్పిస్తున్నారు. పొట్టకి బెల్టు కట్టి యంత్రానికి తగిలించారు. నొప్పి వచ్చినప్పుడల్లా తెర మీద గీత గుట్టలా లేవాలి. లేవడం లేదు. కడుపు కోయకుండా బిడ్డ బయటపడితే చాలని మారెన్ ఆశ.

మొగుడు లైల్ గాలం వేసి కూచున్నవాడిలా తెరనే చూస్తున్నాడు. "ఇది చిన్నదేలే" అన్నాడు.

మంచం కమ్మీ పట్టుకున్న మారెన్ వేళ్లు తెల్లబడ్డాయి. "అవునా? నువ్వు చెప్పబట్టి తెలిసింది."

టెక్సస్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్ హోల్కోంబ్ అడిగాడు. "నొప్పి ఎలా ఉందమ్మా?"

"పర్లేదండీ."

మనిషీ పర్లేదంటోంది, యంత్రమూ అదే అంటోంది. ఇంకేం కావాలి? "మందు పెంచుదాం. అప్పటికీ నొప్పులకి బలం రాకపోతే ఆపరేషనే."

మారెన్ పళ్లు బిగించింది. "డాక్టరు గారూ... ఇది కొంచెం వేరేగా ఉంది."

మూల కుర్చీలో అల్లుకుంటున్న ఆమె తల్లి ఆర్డిస్ ఒళ్లోంచి ఊలు ఉండ కింద పడింది. "ఆగవయ్యా! మందు పెంచకు!"

"కొంచెం వేరేగా ఉందనే కదండీ అంది?"

"అదే మరి! మా ఆయన ఆ మాట జన్మలో ఒక్కసారే అన్నాడు, కాలు మీదికి ట్రాక్టరు ఎక్కినప్పుడు! పొట్ట మీద చెయ్యి పెట్టి చూడు ముందు!"

చెయ్యి పెట్టాడు. డాక్టర్ల లెక్కలో పొట్ట ముక్కు కొసలా మెత్తగా ఉంటే చిన్న నొప్పి, చుబుకంలా ఉంటే ఓ మాదిరి, నుదురులా ఉంటే గట్టిది. పాపం, తన నుదురు కూడా తడిమి చూసుకున్నాడు. ఈ పొట్టకంటే అదే మెత్తగా ఉంది. బెల్టేమో ఎప్పుడో పక్కకి జారి దిండుకి ఆనుకుంది. ఇంతసేపూ దిండు నొప్పుల్ని కొలిచిందన్నమాట!

మందు ఆపి పరీక్ష చేస్తే, బిడ్డ తల అప్పటికే కిందికి వచ్చేసింది. కత్తి అవసరమే పడలేదు. పిల్ల కేరుమంటుంటే లైల్ ఇంకా తెర వైపే చూస్తూ, "గీత లేవలేదే!" అన్నాడు.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు డాక్టరు.

"పర్లేదు."

అతను భయంగా ఆర్డిస్ వైపు తిరిగాడు.

"ఇది మామూలు పర్లేదేలే" అంది ఆవిడ, ఊలు ఉండ వెతుక్కుంటూ.