రంగూన్ రొయ్యల్లో బెల్లం

యుద్ధం రోజులవి. నేను శ్రీకాళహస్తికి కాపురానికి వచ్చిన కొత్త. రంగూన్‌లో బాంబులు పడితే నడిచి ఇల్లు చేరిన మా మామ, ఒకరోజు రొయ్యలు తెచ్చి, అక్కడి వంట తినిపిస్తానన్నాడు. తిరిగొచ్చాక ఆయన ముఖాన నవ్వు చూడటం అదే మొదలు.

నన్ను బియ్యప్పిండితో సేమ్యాల్లాంటి శావిగలు ఒత్తమన్నాడు. మా పుట్టింట్లో శావిగలంటే తీపే. అలవాటు కొద్దీ బెల్లం పాకం కలిపేశాను. ఆయన తొందరలో చూసుకోక వాటిమీద రొయ్యలు పరిచి, కొబ్బరిపాలు పోసి, చట్టికి మూతపెట్టి, అంచుకు పిండి మెత్తి, కిందా పైనా నిప్పులు పేర్చాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆయన నవ్వు చెడగొట్టలేక పొయ్యి దగ్గరే కూర్చున్నాను.

మూత తీసి మొదటి ముద్ద ఆయనే తిన్నాడు. నావైపు చూశాడు.

"ఎట్లుండాది?" అంది అత్త.

"అచ్చం రంగూన్ మాదిరే ఉండాది. ఆడ గూడా బెల్లం వేస్తారు" అన్నాడు మామ.

ఆ తర్వాత ఎప్పుడు వండినా, "బెల్లం మరిచిపోవద్దమ్మా" అనేవాడు.

ఆయన పోయాక, రంగూన్‌లో ఆయనతో పనిచేసిన పెద్దాయన మా ఇంటికొస్తే అదే వండి పెట్టాను.

"దీంట్లో బెల్లం వేయమని ఎవురు చెప్పినారు తల్లీ?" అని నవ్వాడాయన.

"మా మామ" అన్నాను.

కోడలి తప్పు కప్పడానికి ఎన్నేళ్లు తిన్నాడో ఆ తీపి!