ముఖం లేని పోస్టరు

నా చిన్నప్పుడు మేము తార్నాకలో, వాటాలుగా అద్దెకిచ్చిన ఇంట్లో ఒక్క గదిలో ఉండేవాళ్ళం. మా అమ్మ యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంట చేసేది. పక్క గదిలో ఉండే అక్క అదే యూనివర్సిటీలో చదువుకునేది. ఆమె నేల మీద పరిచే లినోలియం షీటు ముక్క మీద చిన్న ఉలితో బొమ్మ చెక్కి, నల్లరంగు పూసి, కాగితం మీద ఒత్తేది. ఒకసారి చెక్కితే ఎన్ని కాగితాలైనా అచ్చుపడేవి. బడి నుంచి రాగానే నేను ఆమె గదిలోనే కూర్చునేదాన్ని.

ఆ ఎండాకాలం మెస్‌లో ఒకామె కాలి మీద మరుగుతున్న గంజి ఒలికింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది పోయి, మెస్ కాంట్రాక్టరు ఆమెను పనిలోంచి తీసేశాడు. తోటివాళ్ళంతా లోలోపల ఉడికిపోయారు గానీ, నోరు విప్పితే తమ పనీ పోతుందని భయం.

అక్క పోస్టరు వేస్తానంది. చెక్కడం అయ్యాక మొదటి అచ్చు తెచ్చి అమ్మకు చూపించింది. అందులో గరిటె పట్టుకున్న ఆడమనిషి ముఖం. అచ్చం మా అమ్మే. నేను చప్పట్లు కొట్టాను. అమ్మ ముఖం మాత్రం పాలిపోయింది.

“నా మొఖం గోడకెక్కితే రేపట్నుంచి నన్ను గేటు కాడనే ఆపుతరు బిడ్డా. మా పిల్లకు బువ్వెట్ల?”

“అడగకుండ చెక్కిన చిన్నమ్మా, తప్పు నాదే” అని అక్క, ఆ బొమ్మ చెక్కిన లినోలియం ముక్క తెచ్చి, దాని మీది ముఖాన్ని మా కళ్ళముందే గీకేసింది. అంత మంచి బొమ్మ పొట్టుపొట్టుగా నేల మీద రాలుతుంటే నాకు ఏడుపొచ్చింది. తర్వాత అమ్మతో కూర్చుని మాట్లాడి, ఇంకో బొమ్మ చెక్కింది. అందులో ఆడవాళ్ళు వరసగా, అందరూ వెనక్కి తిరిగి నిలబడి ఉన్నారు. కొప్పులు, వీపులు, నడుంలో దోపిన కొంగులే తప్ప ఒక్క ముఖమూ లేదు. కింద ‘మా మనిషిని పనిలోకి తీసుకోండి’ అని ఉంది.

క్యాంపస్ గోడల మీద ఆ పోస్టర్లు పడిన రోజు, బడికి సెలవు కావడంతో నేనూ అమ్మ వెంట వెళ్ళాను. భోజనాల వేళకు సూపర్‌వైజరు ఒక పోస్టరు చింపి పట్టుకొచ్చి, పనివాళ్ళందరినీ మెస్ బయట నిలబెట్టాడు.

“దీంట్ల ఉన్నోళ్ళెవరు? పేర్లు చెప్తరా, అందర్నీ తీసెయ్యమంటరా?”

నా భుజం మీద అమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి. అన్నానికి వచ్చిన విద్యార్థినులు కంచాలతో అక్కడే ఆగిపోయారు. అతను ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ మా దగ్గరికొచ్చాడు.

గేటు దగ్గరే ఆపేస్తారని భయపడిన మా అమ్మే, నా భుజం వదిలి, అతనికి వీపు చూపిస్తూ నిలబడింది. “చూడు సారూ, నేనేనా?” అంది. పక్కనున్నామె తిరిగింది. ఆ తర్వాత వరస మొత్తం తిరిగింది. విద్యార్థినుల్లోంచి అక్క వచ్చి చివర నిలబడింది, ఆమె వెనకే మిగతా అమ్మాయిలు. సూపర్‌వైజరు కాగితం వంకా, ఆ వీపుల వంకా చూస్తూ ఉండిపోయాడు.

ఆ పూట హాస్టల్లో ఎవరూ అన్నం ముట్టలేదు. సాయంత్రానికి కాంట్రాక్టరే వచ్చి, కాలు మానాక ఆమెను తీసుకుంటానని ఒప్పుకున్నాడు. మా అమ్మను మాత్రం ఏదో వంకతో అంట్లు తోమే పనికి మార్చారు. అమ్మ ఆ మాట ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

పెద్దయ్యాక బొమ్మలే నా పని అయ్యాయి. ఇప్పుడు ఎక్కడ నలుగురు ధర్నాకు కూర్చున్నా ముందు ఫొటోలకు ఫోన్లు పైకి లేస్తున్నాయి. నేను పెన్సిలు తీసే ముందు, గీయాలనుకున్న మనిషి దగ్గరికి వెళ్ళి, మీ బొమ్మ గీయనా అని అడుగుతాను. కొందరు వద్దంటారు. అలాంటి రోజున పెన్సిలు సంచిలోనే ఉంచి, వాళ్ళ పక్కన కూర్చుంటాను.