గోడ నుంచి గోడ దాకా

నా తమ్ముడి భార్య, ఆడబిడ్డనైన నాకు నచ్చడానికి చాలా ఏళ్ళు పట్టింది. నచ్చాక మాత్రం ఆమెను ఎవరైనా ఒక మాట తక్కువ చేసి అంటే ఊరుకోను. మా వీధిలో ఆమెను కత్తెర అంటారు. బట్టలు కుడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఒకసారి ఆమె నోటితో పని పడితే అసలు సంగతి వాళ్ళకే తెలుస్తుంది.

ఆమె మిషను మా ఇంటి ముందుగదిలో, వీధి అరుగు వైపు కిటికీ పక్కన ఉంటుంది. అక్కడ కూర్చుంటే వీధికి అవతల మా తమ్ముడి సైకిలు కొట్టు కనిపిస్తుంది. వాడికి చూపు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, చివరికి వెలుగూ నీడా మాత్రం మిగిలాయి. అయినా కొట్టు మానలేదు. చక్రం తిప్పి, పుల్లలను గోటితో మీటి, ఏది వదులైందో చెప్పేస్తాడు. పొద్దున చేతికర్ర పట్టుకుని వీధి దాటడం, సాయంత్రం తిరిగి రావడం, ఈ రెండూ ఒక్కడే చేసుకునేవాడు. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే, "నేనేమన్నా పెళ్ళికొడుకునా, నడిపించుకుపోవడానికి?" అనేవాడు.

పెద్ద రోడ్డు మీద కొత్త సిగ్నల్ పెట్టాక, దాన్ని తప్పించుకునే బండ్లన్నీ మా వీధిలోకి మళ్ళాయి. ఒకరోజు ఒక బండి వాణ్ణి రాసుకుంటూ పోయింది. కర్ర విరిగింది, మోచెయ్యి గీసుకుపోయింది. అదే రోజు వాళ్ళ కొడుకు పంచాయితీ పెట్టాడు.

"ఇక చాలు నాన్నా. కొట్టు మూసేద్దాం. ఇంటిపట్టున ఉండండి."

తమ్ముడి మోచేతికి కట్టు కడుతున్న మరదలు అంది, "మీ నాన్నకు కళ్ళు పోయాయి గానీ చేతులు పోలేదురా. ఇంట్లో కూర్చోబెడితే అవీ పోతాయి. మూయాల్సింది కొట్టు కాదు, ఆ బండ్ల దూకుడు."

మర్నాటి నుంచి వార్డు ఆఫీసు చుట్టూ తిరిగింది. అక్కడి ఇంజనీరు ఆమె పోరు పడలేక చూడటానికి వచ్చాడు. కుర్రవాడే గానీ, మర్యాదస్తుడు. మామూలు స్పీడ్ బ్రేకర్ కాకుండా, పైన చదునుగా, వెడల్పుగా, మనుషులు నడిచి దాటేటట్టు వేస్తానన్నాడు.

"గోడ నుంచి గోడ దాకా వేయాలమ్మా. అప్పుడే పని చేస్తుంది."

"మరి వాన నీళ్ళు ఎటు పోవాలి బాబూ? నా ఇంట్లోకా? గిరాకీల బట్టలన్నీ నేలమీదే ఉంటాయి."

"కింద గొట్టం వేస్తాం."

"ఆ గొట్టంలో చెత్త అడ్డం పడితే తీసేదెవరు? మీరొస్తారా? రెండు పక్కలా కాస్త సందు వదలండి, చాలు."

"సందు వదిలితే స్కూటర్లన్నీ అందులోంచే దూరతాయమ్మా."

"ఇంత సందులోంచి దూరేవాడు సర్కస్‌లో ఉంటాడు గానీ మా వీధికి ఎందుకొస్తాడు?"

చుట్టూ చేరిన వాళ్ళంతా గొల్లున నవ్వారు. ఇంజనీరుకూ నవ్వు ఆగలేదు. ఆమె చెప్పినట్టే వేయించాడు.

సర్కస్ వాళ్ళంతా మా వీధికే వస్తారని త్వరలోనే తేలింది. కార్లు నిజంగానే నెమ్మదించాయి. స్కూటర్లు, మోటారు సైకిళ్ళు మాత్రం ఎత్తు ఎక్కడం ఎందుకని సందులోంచి, ఇళ్ళ గోడలను, అరుగులను రాసుకుంటూ సర్రున దూసుకుపోయేవి.

తమ్ముడు కొట్టుకు వెళ్ళడం తగ్గించాడు. ఒకరోజు నడుము నొప్పి అన్నాడు, ఇంకోరోజు పని లేదన్నాడు. పని లేకపోవడమేమిటి, కొట్టు ముందు సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే కిటికీలోంచి కనబడటం లేదా? మరదలు మిషను ఆపి, నా ఎదుటే నిలదీసింది.

"నిజం చెప్పండి. ఎందుకు వెళ్ళడం లేదు?"

వాడు నసుగుతూ చెప్పాడు. "ఇదివరకు బండి చప్పుడు నడి వీధిలో ఉండేది. విని ఆగేవాణ్ణి. ఇప్పుడు గడప దిగితే చాలు, నా బొటనవేలి మీదే ఉంటోంది."

"ఆ మాట నాకు చెప్పొద్దా?"

"అంత పోట్లాడి వేయించుకున్నావు. ఏమని చెప్పను?"

మరదలు కిటికీలోంచి ఆ సందు వైపు చూసి, మిషను మీద గుడ్డ కప్పేసింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. గది నిండా జనం. కొంచెం ఆగి, ఇంజనీరు ఒంటరిగా దొరికినప్పుడు చెప్పుకోవచ్చు. ఆమె ఆగలేదు.

"బాబూ, ఆ రోజు మీరు చెప్పిందే నిజం. నేను నోటితో గెలిచాను, అంతే. ఆ సందులు మూసెయ్యండి."

అతను ఎత్తిపొడవలేదు. "మూయడానికేం గానీ, గొట్టం వేయాలంటే మీ అరుగు అడ్డమమ్మా. అది వీధిలోకి వచ్చింది."

"తీసేస్తాను."

వీధిలోకి రాగానే అడిగేశాను. "ఒసే, ఆ అరుగు మా నాన్న కట్టించింది. నన్నొక మాట అడగొద్దా?"

"ఇప్పుడు అడుగుతున్నాను వదినా. వద్దంటే చెప్పండి. రేపటి నుంచి మీ తమ్ముణ్ణి రెండు పూటలా మీరే చెయ్యి పట్టుకుని దాటించండి. పెళ్ళికొడుకులా వస్తాడేమో చూద్దాం."

ఇంటికి రాగానే గునపం నేనే తెచ్చి ఇచ్చాను.

కూలీల కోసం కూడా చూడలేదు ఆమె. కొంగు నడుముకు దోపి, గునపం తీసుకుని తనే మొదలుపెట్టింది. గిరాకీలు కూర్చునేది ఆ అరుగు మీదే. వెలుతురు బాగుంటుందని ఆమె గుండీలు కుట్టుకునేదీ అక్కడే. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇక నీ గిరాకీలు ఎక్కడ కూర్చుంటారు కత్తెరా?"

"నీ నెత్తిన. దువ్వి ఉంచుకో."

కొడుకు ఆఫీసు నుంచి వచ్చి ఇది చూసి, చొక్కా అయినా మార్చుకోకుండా ఆమె చేతిలోంచి గునపం లాక్కున్నాడు. అవతల కొట్టు ముందున్న రాతి మెట్టునూ తల్లీకొడుకులే పెకలించారు. గొట్టాలు పడ్డాయి, సందులు మూసుకున్నాయి, ఎత్తు గోడ నుంచి గోడ దాకా సాగింది. గొట్టం మూతి దగ్గర చేరే చెత్తను రోజూ ఊడ్చి తీసేది మా మరదలే. ఇంజనీరు రావాలని మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

సిమెంటు ఆరాక తమ్ముడు కొత్త కర్ర తీసుకుని గడప దిగాడు. కొడుకు వెంట వెళ్ళబోతే ఆమె వాడి చొక్కా పట్టుకుని ఆపింది. తాను వెళ్ళి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. తమ్ముడు కర్రతో అంచు తడిమి, తలవంచి విన్నాడు. ఒక మోటారు సైకిలు సందు కోసం అటూ ఇటూ వెతుక్కుని, దొరకక ఎత్తు ముందు నెమ్మదించి ఆగింది. ఆ ఆగిన చప్పుడు విని వాడు కదిలాడు. హడావుడి పడకుండా, తన కొట్టుకు వెళ్ళే యజమానిలా దాటాడు. తాళం తీసిన చప్పుడు, షట్టరు ఎత్తిన చప్పుడు మాదాకా వినబడ్డాయి. ఆ వెంటనే అవతలి నుంచి వాడి గొంతు వచ్చింది, ఇన్నాళ్ళూ సైకిళ్ళను ఇలా గుట్టపోసిందెవరని ఎవరినో కేకలేస్తూ.

మరదలు అప్పటిదాకా మిషను ఆపలేదు. ఆపాక చేతిలోని చొక్కా ఎత్తి చూసుకుంది. రెండు చేతులూ ఒకే భుజానికి కుట్టింది. నావైపు చూసింది. ఇంకో రోజైతే ఎగతాళి చెయ్యకుండా వదిలేదాన్ని కాదు. ఆ రోజు సూది అందించి, పక్కన కూర్చుని, ఆమెతోపాటు కుట్లు విప్పాను.